పదకొండో ప్రశ్నకు అదనపు కాగితాలు

ఆ ఉదయం బావగారు పెట్టుకున్న పని ఒక్కటే. స్నానాల గదిలో మూడు వారాలుగా బొట్టు బొట్టుగా కారుతున్న కుళాయికి కొత్త వాషరు వేయడం. వాషరు ముందురోజే కొనుక్కొచ్చారు, పక్కింటివాళ్ళ స్పానరు అరువు తెచ్చారు, చొక్కా చేతులు మడిచి, నీళ్ళు రాని వేళ చూసుకుని కుళాయి తల విప్పి పక్కన పెట్టారు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర బెల్లు మోగింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు గానీ, కొరియరువాడి రాకడ కూడా ఆ లెక్కలోనే చేర్చాలి.

బావగారంటే ఏ ఒక్కరికో బావగారు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన భార్య తమ్ముడికి నిచ్చెనలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఆ తమ్ముడు నోరారా "బావా, బావా" అని పిలవడం విని ఫ్యాక్టరీ అంతా ఆయన్ని బావగారనే పిలుస్తుంది. అలాగే ఆవిడ అందరికీ అక్కగారు. నాలుగేళ్ళ కిందట, కంపెనీ అన్నాక ఇద్దరు డైరెక్టర్లు ఉండి తీరాలని ఎవరో చెబితే, బావమరిది భోజనాల బల్ల దగ్గర కాగితాలు పరిచి బావగారి చేత సంతకాలు పెట్టించుకున్నాడు. మొదటి మీటింగులో బావగారు పొద్దున పదింటికి ప్రశ్నలు మొదలుపెట్టి మూడింటికి ముగించారు. మీటింగు రాతల్లో తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది, కింద "మెరుగుపడాలి" అని రాశారు. మరుసటి ఏడాది నుంచీ మీటింగులకు పిలుపు రావడం మానేసింది. తన మీద అంత నమ్మకం కుదిరింది కాబోలనుకుని బావగారు లోలోపల మురిసిపోయారు.

కవరు మీద పేరు లేదు. "డైరెక్టరుగారికి, స్వయంగా" అని మాత్రం ఉంది. అక్కగారు పొద్దున్నే కుట్టు క్లాసు చెప్పడానికి వెళ్ళారు, మధ్యాహ్నం రెండు దాటితే గానీ రారు. బావగారు తడి చేతులు తుడుచుకుని హెడ్డాఫీసు సెక్రటరీకి ఫోను చేశారు.

"కవరు చేరిందాండీ? హమ్మయ్య!" అందామె. "డైరెక్టర్ల ఇన్సూరెన్సుదండీ అది. పాత పాలసీ ఇవాళ సాయంత్రం అయిదింటికి అయిపోతుంది. ఓనరుగారేమో విమానంలో ఉన్నారు, రాత్రికి గానీ దొరకరు. డైరెక్టరుగారు ఓ సంతకం పెట్టి బీమా ఆఫీసులో ఇచ్చేస్తే చాలండీ."

"సంతకమేనా? చదవక్కర్లేదా?"

"మామూలుగా ఎవరూ చదవరండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చదవకుండా సంతకమా? ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు "ప్రశ్న చదివి ఆలోచించి రాయండిరా" అని చెప్పిన నోరు అది. బావగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు.

మందు డబ్బాలోని చీటీ చదివితే లేని జబ్బులన్నీ వచ్చినట్టుంటుంది చూడండి, ఈ కాగితాలూ అంతే. కంపెనీ డైరెక్టరు తీసుకున్న ఏ నిర్ణయం వల్లనైనా తమకు నష్టం జరిగిందని వాటాదారులు గానీ, పనివాళ్ళు గానీ, సరుకు కొన్నవాళ్ళు గానీ ఆ డైరెక్టరు మీద సొంతంగా దావా వేయవచ్చట. ఈ బీమా ఉంటే లాయరు ఖర్చులు, నష్టపరిహారం బీమా కంపెనీ చూసుకుంటుంది. లేకపోతే? ఆ సంగతి మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: "డైరెక్టరు సొంత ఆస్తి, నివాస గృహంతో సహా, జప్తుకు లోనుకావచ్చు."

నివాస గృహం! బావగారు తలెత్తి ఇంటిని చూశారు. రెండు పడకగదులు, ఓ వంటగది, ముందు నాలుగడుగుల వరండా. బతుకంతా సుద్దముక్క అరగదీసి కట్టుకున్న కొంప. హాలు గోడలకు వేసిన లేత ఆకుపచ్చ రంగు కోసం అక్కగారు అయిదు డబ్బాలు తెరిపించి నాలుగు వెనక్కి పంపించారు. ఇల్లు బావగారి పేరునే ఉంది. నిన్నటిదాకా ఇలాంటి ప్రమాదం ఒకటుందని కూడా తెలియకుండా హాయిగా నిద్రపోయిన మనిషి, మందు చూశాక రోగం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టారు. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నారు. ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదు. పిచ్చిది, ఇల్లు పోతుందంటే తట్టుకోలేదు.

మొదటి పది ప్రశ్నలకూ గుండ్రని అక్షరాలతో జవాబులు రాశారు. పదకొండోది ఇలా ఉంది: "తగిన విచారణ జరిపిన మీదట, ఏ డైరెక్టరు మీదనైనా దావాకు దారితీయగల సంఘటన గానీ, పొరపాటు గానీ, పరిస్థితి గానీ మీ దృష్టికి వచ్చిందా? వివరాలు రాయండి. చోటు చాలకపోతే అదనపు కాగితాలు జతచేయండి. తెలిసి దాచినట్టు తేలితే పాలసీ చెల్లదు."

కింద నాలుగు చుక్కల గీతలు, ఖాళీగా.

ఇంకొకరైతే "లేదు" అని గీకి పారేసేవారు. బావగారి బళ్ళో జవాబు ఖాళీగా వదిలినవాడికి సున్నా, ఒక్క మాటలో తేల్చినవాడికి సున్నా కింద గీత. "తగిన విచారణ" అన్న మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి, ఓ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, విప్పిన కుళాయిని విప్పినట్టే వదిలేసి ఫ్యాక్టరీకి బయలుదేరారు.

ఫ్యాక్టరీలో నిచ్చెన మెట్లు బిగించే రివెట్ల మిషను టకటకలాడుతోంది. మేస్త్రీ ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నిచ్చెనలు చేసి చేసి మనిషే కాస్త నిచ్చెనలా ఉంటాడు, పొడుగ్గా, సన్నగా.

"మేస్త్రీగారూ, మన నిచ్చెన మీంచి ఎవరన్నా పడ్డారా?" అన్నారు బావగారు.

మేస్త్రీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఎవరు పడ్డారండీ?"

"ఎవరూ పడలేదయ్యా. పడ్డారా అని అడుగుతున్నా."

"ఎంత ఎత్తు మీంచండీ?"

"అబ్బే, పడలేదంటుంటే!"

"మనిషి బతికే ఉన్నాడాండీ?"

"అసలు పడ్డవాడే లేడయ్యా బాబూ! పడే అవకాశం ఏమన్నా ఉందా, అదీ నా ప్రశ్న."

"నిచ్చెనన్నాక అవకాశం ఎందుకుండదండీ? నేలమీద పడుకోబెట్టి వాడుకుంటే తప్ప!" అన్నాడు మేస్త్రీ. అంతలో నోటుపుస్తకం వైపు చూశాడు. "ఏంటండీ రాస్తున్నారు? నా పేరా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పాపం, అతను వద్దన్నా చెప్పుకుపోయాడు. పోయిన వారం వచ్చిన రివెట్ల లాటు ఉందట. అన్నీ పరీక్షించారట. కాకపోతే ఆ రోజు కొత్త కొలబద్ద కనపడక పాతదానితో చూశారట. పాతదీ మంచిదేనట. "అయినా మీరింత దూరం వచ్చి అడుగుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది. నిప్పు లేందే పొగ రాదు. ఆపేయమంటారా బావగారూ?"

"నేనెక్కడ ఆపమన్నాను?"

"పోనీ నడపమంటారా?"

బావగారికి చెమటలు పట్టాయి. నడపమంటే, రేపు ఎవడో పడితే, ఇల్లు. ఆపమంటే, షాపులకు లోడు వెళ్ళకపోతే, ఇల్లు. ఎటు చూసినా లేత ఆకుపచ్చే కనపడుతోంది కళ్ళకు. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. మేస్త్రీ ఆ మూసుకోవడాన్నే ఆర్డరుగా తీసుకుని మీట లాగేశాడు.

టకటక ఆగిపోయింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు మిషను చప్పుడు వినపడదు, అది ఆగితేనే వినపడుతుంది. రెండు నిమిషాల్లో పనివాళ్ళంతా బయటికొచ్చారు, ముందు వాళ్ళ సంఘం నాయకుడు. అతన్ని అందరూ మైకు అంటారు, ఎందుకంటే అతనికి మైకు అక్కర్లేదు.

"ఏంటి బావగారూ, మూసేస్తున్నారా?" అన్నాడు మైకు. ఆ అడగడం రోడ్డవతలివాళ్ళకు కూడా అడిగినట్టే వినపడింది.

"లేదు నాయనా. నేనొక్కటే తెలుసుకోవాలి. మీలో ఎవరికన్నా నా మీద కేసు వేసే ఆలోచన ఉందా?"

మైకు తల గోక్కున్నాడు. "ఇప్పటిదాకా లేదండి. వేయొచ్చంటారా?"

"అలా అని కాదు..."

"విడివిడిగానా, అందరూ కలిసి ఒకటే వేయాలా?"

"అయ్యో, వేయమనడం లేదు నాయనా! వేసేంత కోపం ఎవరికైనా ఉందా అని..."

మైకు వెనక్కి తిరిగాడు. "ఇదిగో వినండి! బావగారే స్వయంగా వచ్చి కేసులు వేసుకోమంటున్నారు! ఎవరికేముందో చెప్పండి, రాసుకుంటారట!"

ఇక చూడండి. అన్నాళ్ళూ ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్న మనుషులకు, రాసుకునేవాడు ఒకడు దొరికేసరికి ఎక్కడెక్కడి కష్టాలూ గుర్తొచ్చాయి. భోజనాల గదిలో ఫ్యాను తిరగడం లేదన్నాడొకడు. గ్లౌజులన్నీ ఒకే సైజువి తెస్తారని, తన చెయ్యి అందులో కుందేలు పిల్లలా దూకుతుందని ఒకావిడ. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేక, లోపలున్నంతసేపూ పాట పాడాల్సి వస్తోందని ఇంకొకాయన. "ఆయన పాట వినలేక చస్తున్నాం, అది కూడా రాసుకోండి," అన్నారు వెనకనుంచి. బావగారు అన్నీ రాశారు. ఒకటి రెండు మూడు అంకెలు వేసి మరీ రాశారు. ఆయన రాస్తున్న కొద్దీ చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు, చెప్పేవాళ్ళు ఎక్కువైన కొద్దీ ఆయన గుండెలో రాయి బరువెక్కింది. ఆరు కాగితాలు నిండాయి. పొద్దున తొమ్మిదింటికి ఒక్క చిక్కూ లేని డైరెక్టరు, పన్నెండయ్యేసరికి నలభై మూడు చిక్కుల్లో ఉన్నాడు.

గేటు దాటకముందే ఫోను మోగింది. ఊళ్ళో వీళ్ళ నిచ్చెనలమ్మే షాపు యజమాని. లోడు కోసం వచ్చిన లారీ డ్రైవరు అప్పటికే ఖాళీగా వెనక్కిపోయి కబురు మోశాడు.

"బావగారూ, మీ నిచ్చెన మీంచి ముగ్గురు పడ్డారటగా?"

"ఎవరూ పడలేదండీ!"

"దాచకండి. రివెట్లు ఊడాయట, పనివాళ్ళు కోర్టుకెళ్తున్నారట. నా షాపులో ఉన్న నలభై నిచ్చెనలూ లోపలికి మోయించేశా. నష్టమొస్తే మిమ్మల్నే అడుగుతా, ముందే చెప్తున్నా."

"నన్నంటే కంపెనీనా, నన్నా?"

"ఎవరు దొరికితే వాళ్ళని!"

ఏడో కాగితం.

ఇక మిగిలింది వాటాదారులు. కంపెనీలో బయటి వాటా ఒకే ఒక్కరిది, అక్కగారి పిన్నిది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చెవి పాము చెవి, నోరు కత్తెర. బావగారు వెళ్ళేసరికి ముగ్గురు స్నేహితురాళ్ళతో పేకాటలో ఉంది. తల తిప్పకుండానే, "రావయ్యా అల్లుడూ. ఏంటిలా ఊడిపడ్డావు? కంపెనీ మునిగిందా?" అంది.

"లేదత్తయ్యగారూ. మీకు నా మీద ఫిర్యాదేమన్నా ఉందేమోనని అడిగి పోదామని."

పిన్ని పేకముక్కలు బోర్లించింది. "నీ మీదా? పెళ్ళి చూపుల నుంచీ చెప్పమంటావా, ఈ మధ్యవి చాలా?"

"అది కాదండీ. డైరెక్టరుగా, నా మీద."

"నువ్వు డైరెక్టరువా?" అని పిన్ని నవ్వింది. ఆ నవ్వు బావగారికి ముల్లులా గుచ్చుకుంది గానీ, పెద్దావిడని ఊరుకున్నారు. "సరేలే, కాగితం తెచ్చావుగా, రాసుకో. ఒకటి, పోయినసారి మీటింగులో నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి నాకు జలుబు తెప్పించారు. రెండు, నా వాటా పత్రాలు చిన్న అక్షరాల్లో అచ్చేశారు, చదవలేక చస్తున్నా. మూడు..."

నవ్వి నవ్వి స్నేహితురాళ్ళు కూడా చేతనైన సాయం చేశారు. "లాయరు ద్వారా తేల్చుకుంటానని రాయించవే, అప్పుడు గానీ భయపడరు," అంది ఒకావిడ. "మా మరిది కొడుకు లాయరే, ఊరికే కూర్చుంటాడు," అంది ఇంకొకావిడ. బావగారు లాయరు మరిది కొడుకును కూడా రాసుకున్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టుకుంటే, పద్నాలుగు కాగితాలు.

అప్పుడే అక్కగారి ఫోను. "ఏమండీ, కుళాయి విప్పేసి ఎక్కడికి పోయారు? నీళ్ళొదిలారు, గచ్చంతా చెరువై కూర్చుంది."

"చిన్న పనుండి వచ్చాలే."

"గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. ఎండ."

"నా పేరున కవరేమన్నా వచ్చిందా?"

"నీ పేరునా? నీ పేరున ఏమీ రాలేదు," అన్నారు బావగారు. అబద్ధమాడలేదు కూడా. ఫోను పెట్టేసి కాగితాలు చంకలో సర్దుకున్నారు. పిచ్చిది, నీళ్ళు తుడుచుకుంటోంది. రేపు ఎవరి పాలయ్యే ఇంట్లో నీళ్ళు తుడుస్తోందో దానికేం తెలుసు!

బీమా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. బావగారు రొప్పుతూ పైకెళ్ళి, వరుసలో నిలబడి, నాలుగుంపావుకు ఆఫీసరమ్మ ముందు కూర్చున్నారు. నెరిసిన జుట్టు, మెళ్ళో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, తొణకని మనిషి. ఆమె పద్నాలుగు కాగితాలూ ఒక్కొక్కటే చదివింది. చదివినదాన్ని చదివినట్టు పక్కన బోర్లిస్తోంది. బావగారు ఆమె మొహాన్ని ఫలితాల బోర్డును చూసినట్టు చూస్తున్నారు. ఆ బోర్డు ముందు పిల్లలు ఎంత అవస్థ పడతారో ఆయనకు ఇన్నాళ్ళకు తెలిసొచ్చింది.

"ఇవన్నీ ఎప్పటివండీ?" అంది చివరికి.

"ఇవాళ్టివేనండీ."

"ఒక్కరోజులోనా?"

"తగిన విచారణ చేశానండీ."

"విచారణ చేయకముందు ఎన్నున్నాయి?"

బావగారు ఆలోచించారు. నిజాయితీపరుడు గనక నిజమే చెప్పారు. "ఒక్కటీ లేదండీ."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, బీమా అనేది తెలియని ప్రమాదానికండీ. తెలిసినదానికి ఎవరూ పూచీ పడరు. ఇందులో మీరు రాసినవన్నీ ఈ క్షణం నుంచీ మీకు తెలిసినవి. రేపు వీటిల్లో ఏది కోర్టుకెక్కినా పాలసీ వర్తించదు."

"రాయకపోతేనో?"

"రాయకపోతే దాచినట్టు. పాలసీయే చెల్లదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నారు గానీ, రెండింటి లోతూ కొలిచి చూడటం బావగారికి అదే మొదలు. ఆఫీసరమ్మ కంప్యూటరు తన వైపు తిప్పుకుని ఏదో వెతికింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"డైరెక్టర్ల జాబితాలో మీ పేరు లేదేంటండీ?"

"ఉండాలే! ఇద్దరమే కదా. మా బావమరిదీ, నేనూ."

"ఇద్దరే. ఆయనొకరు. రెండోది ఆడమనిషి పేరు." ఆమె తెర ఇటు తిప్పింది.

బావగారు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇది... ఇది మా ఆవిడ పేరండీ!"

"మూడేళ్ళ కిందటే మీరు రాజీనామా చేశారు. ఇదిగో మీ సంతకం."

సంతకం ఆయనదే. కాకపోతే గీత మీంచి జారి కిందికి కారినట్టుంది. కంటి ఆపరేషనయిన వారం అది. కళ్ళల్లో చుక్కలు వేసుకుని కూర్చుంటే బావమరిది వచ్చి, "ఇక్కడ, బావా. ఇక్కడొకటి," అని వేలు పట్టుకుని పెట్టించుకుపోయాడు. ప్రశ్న చదివి ఆలోచించి రాయమని ముప్ఫై నాలుగేళ్ళు చెప్పిన మనిషి, తన రాజీనామా మీద తానే కళ్ళు మూసుకుని సంతకం చేశారన్నమాట.

ముందు అవమానం వేసింది. ఆ వెనకే చల్లటి గాలి తగిలినట్టు ఇంకోటి తోచింది. తను డైరెక్టరే కాదు! అంటే దావాల్లేవు, జప్తుల్లేవు. లేత ఆకుపచ్చ గోడలు క్షేమం. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆయన మొహాన నవ్వు పొడిచింది.

"మరి ఇవాళ ఫ్యాక్టరీలో మిషను ఆపించింది ఎవరండీ?" అంది ఆఫీసరమ్మ.

"నే... నేనే. అంటే, నోరు మూసుకున్నాను. దాంతో వాళ్ళు ఆపారు."

"డైరెక్టరునని చెప్పి, డైరెక్టరులా తిరిగి, ఫిర్యాదులు తీసుకుని, మిషన్లాపిస్తే, కోర్టు మిమ్మల్ని డైరెక్టరు కిందే లెక్కకట్టొచ్చు మాస్టారూ. బాధ్యత డైరెక్టరుది ఉంటుంది. పాలసీలో పేరు మాత్రం ఉండదు."

నవ్వు పొడిచినంత త్వరగానూ పోయింది. పొద్దున్న లేని ప్రమాదాన్ని ఊరంతా తిరిగి, రెండు ఆటోలు మారి, స్వహస్తాలతో కొని తెచ్చుకున్నారు పాపం. కొరివితో తల గోక్కోవడానికి కూడా ఇంత ప్రయాణం అక్కర్లేదు.

"అసలు డైరెక్టరుగారిని పిలవండి," అంది ఆఫీసరమ్మ గడియారం చూస్తూ. "ముప్పావుగంట కూడా లేదు."

బావగారు ఫోను తీశారు. "ఏమే... నువ్వు డైరెక్టరువా?"

"ఇప్పుడు తెలిసిందా?" అన్నారు అక్కగారు.

ఇరవై నిమిషాల్లో వచ్చారావిడ, మెళ్ళో కొలత టేపు అలాగే ఉంది, చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయి. మూడంతస్తులెక్కినా రొప్పలేదు. బావగారు జరిగినదంతా చెప్పారు. చెప్పి, "నాతో ఒక్కమాట అనలేదేమే?" అన్నారు.

"అంటే మీటింగుకి నాతో వస్తానంటారు. తమ్ముడు దణ్ణం పెట్టి మరీ చెప్పొద్దన్నాడు," అన్నారు అక్కగారు. "ఇలా ఇవ్వండా కాగితాలు."

రెండు పేజీలు చదివి, మూడోది తిప్పి చూసి, ఫోను తీశారు.

"మేస్త్రీగారూ, కొత్త కొలబద్ద దొరికిందా? దొరికితే ఆ లాటు మళ్ళీ చూడండి... చూసేశారా? ఒక్కటీ తేడా లేదా? మరింకా మిషను ఆపుకుని ఎవరి కోసం చూస్తున్నారు? నడపండి!"

పక్కనే ఉన్న మైకు అరిస్తే చాలు, ఫోను అక్కర్లేదు, అయినా మేస్త్రీ అతని చేతికిచ్చాడు. "అక్కా, బావగారే వేసుకోమన్నారక్కా! మాకేం తెలుసు?" అన్నాడు మైకు.

"సరే, ఫ్యాను రేపు మారుస్తారు. గ్లౌజులు ఎవరి సైజు వాళ్ళు రాసివ్వండి. ఆ గడియ ఇవాళే వేయించు, పాట వద్దు. ఇంకేమన్నా ఉందా?"

"ఏం లేదక్కా. అసలు పొద్దున కూడా ఏం లేదు."

షాపు యజమాని గట్టిగానే మొదలుపెట్టాడు. అప్పటికి పడ్డవాళ్ళు ఏడుగురయ్యారు. "ఏ ఆస్పత్రిలో ఉన్నారో చెప్పండి, పళ్ళు పట్టుకెళ్ళి చూసొస్తాను," అన్నారు అక్కగారు. ఆ మాటతో అతను గొంతు తగ్గించి, లోడు ఎన్నింటికి పంపుతారని అడిగాడు.

పిన్ని ఆఖరున దొరికింది. "నీ మొగుడు నా ఆట పాడుచేశాడే! చేతిలో మంచి ముక్కలున్నాయి ఇవాళ."

"మరి ఆ లాయరు సంగతేంటి పిన్నీ?"

"లాయరెవరే? ఓహో, అదా! రాసుకునేవాడు ఎదురుగా కూర్చుంటే నోరూరుకుంటుందా? వాడికి నిజమూ తెలీదు, నవ్వులాటా తెలీదు."

ఆఫీసరమ్మ నోటిమాట ఒప్పుకోలేదు, రాతలో కావాలంది. ఒకరి వెనక ఒకరు "మాకే ఫిర్యాదూ లేదు" అని మెసేజీలు పెట్టారు. మైకు పెట్టింది మాత్రం అన్నీ పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది. మెసేజీ వచ్చినప్పుడల్లా ఆమె ఓ కాగితం మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టింది. పద్నాలుగు కాగితాల మీదా గీతలు పడేసరికి, అయిదుకు నాలుగు నిమిషాలుంది.

ఆమె కొత్త ఫారం తీసి అక్కగారి ముందు పెట్టింది. పది ప్రశ్నలు నిమిషంలో అయిపోయాయి. పదకొండో ప్రశ్న దగ్గర వేలు ఆన్చి, "ఇది మాత్రం నిదానంగా రాయండమ్మా," అంది. "దావాకు దారితీయగల పరిస్థితి ఇంకా ఏదైనా మీ దృష్టిలో ఉందా? దాస్తే పాలసీ చెల్లదు."

అక్కగారు కలం పట్టుకుని ఆలోచించారు. బావగారు కుర్చీ అంచున కూర్చుని, కొట్టేసిన కాగితాలను అంకెల వరుసలో సర్దుతున్నారు. ఆవిడ ఆయన వైపు ఒక్కసారి చూసి, చుక్కల గీత మీద రాశారు: "ఉంది. మా ఆయన."

ఆఫీసరమ్మ చదివింది. నవ్వలేదు. "తెలిసిన ప్రమాదానికి మా పాలసీ వర్తించదమ్మా."

"తెలుసండీ. పెళ్ళైన నాటి నుంచీ సొంత పూచీ మీదే నడుపుకొస్తున్నా."

సరిగ్గా అయిదింటికి పాలసీ ఖాయమైంది, మినహాయింపుల కింద ఒకే ఒక్క పంక్తితో, అది కూడా బావగారి పూర్తి పేరుతో.